గంజి తీసి దాచండి

ప్రశ్న: అక్కా, వందనాలు. మా అత్తగారు పోయి రెండేళ్ళయింది. ఏటా డిసెంబరు రాగానే ఆవిడ ఒక లేసు నక్షత్రం అల్లి, గంజి పెట్టి ట్రీకి కట్టేవారు. అవి పదకొండు ఉన్నాయి. మా చిన్నాడపడుచు సండే స్కూల్ పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఉప్పు కలిపిన మైదాపిండితో చేసిన దేవదూతలు ఇంకో ఆరు. నిన్న అటక మీది పెట్టె దించి చూస్తే ప్రాణం ఉసూరుమంది. లేసు పచ్చబడింది, రెండు నక్షత్రాలకు చిల్లులు పడ్డాయి. పిండి బొమ్మలు చెమ్మగిల్లి చేతికి అంటుకుంటున్నాయి. పిల్లలేమో "ఇవి పాతవమ్మా, బజార్లో మెరిసే బంతులు కొందాం" అంటున్నారు. 20న సెమీ క్రిస్మస్ మా ఇంట్లోనే. ఈలోగా వీటిని బాగుచేసుకోవచ్చా? – ఒక చెల్లెలు, పాలకొల్లు

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ పెట్టె మళ్ళీ అటకెక్కించకండి. పోయినవాటికంటే మిగిలినవే ఎక్కువ.

మీ లేసుకు చిల్లులు ఎందుకు పడ్డాయో నాకు బాగా తెలుసు, మా ఇంట్లోనూ అదే జరిగింది. మాది నరసాపురం పక్క పల్లె. మధ్యాహ్నం వంటయ్యాక మా అమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన పని అది. 2024లో మా నరసాపురం లేసుకు జీఐ, అంటే ఆ ఊరి పేరుతో ఇచ్చే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అమ్మ అల్లే రోజుల్లో మాత్రం ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లిన ముక్కలు తూచి పట్టుకెళ్ళేవాడు. ప్రతి మూరకూ లెక్కే. ఉండల చివర మిగిలిన దారాన్ని ముడులేసి కలుపుకుని, దాంతో అమ్మ మా ట్రీకి ఒక గంట అల్లింది. ఇప్పటికీ దాన్ని వేళ్ళ మధ్య తిప్పితే ఆ ముడులు ఒక్కొక్కటీ తగులుతాయి. అమ్మ పోయాక నేను దాన్ని గంజితోనే చక్కగా నిలబెట్టి, పాత చీరలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టాను. మరుసటి డిసెంబరుకు అంచున మూడు వరసలు లేవు. బొద్దింకలు, పాత పుస్తకాల్లో తిరిగే వెండి రంగు పురుగులు వచ్చేది దారం కోసం కాదు, గంజి కోసం. గంజి తింటూ దారాన్నీ కొరికేస్తాయి. అప్పటినుంచి ఎవరడిగినా ఇదే చెబుతున్నాను: పండుగ అయ్యాక గంజి పూర్తిగా వదిలేదాకా ఉతికి, మెత్తగా ఉన్నప్పుడే దాచండి. మళ్ళీ డిసెంబరులో గంజి పెట్టుకోవచ్చు. అరగంట పని.

ఇప్పుడు మీ పదకొండింటి సంగతి. చిల్లులు పడ్డ రెండింటినీ ఉతక్క ముందే చూసుకోండి. తెగిన చోట వదులుగా వేలాడే ఉచ్చులు కనిపిస్తాయి. సన్నని తెల్ల దారంతో వాటిని ఒక్కొక్కటీ పట్టి పక్క పోగుకు కట్టేయండి, లేకపోతే నీళ్ళలో పెట్టగానే వరసంతా జారిపోతుంది. చిల్లు పూడేలా కొత్తగా అల్లమని మాత్రం చెప్పను. మీ అత్తగారి చేతి బిగువు ఆవిడది, మీ బిగువు మీది. పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చిల్లు ఉన్న నక్షత్రం నక్షత్రమే.

తర్వాత పదకొండింటినీ వెడల్పాటి బేసిన్లో చన్నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఆ నీళ్ళు టీ రంగులో ఉంటే కంగారుపడకండి, పాత గంజి, దుమ్ము వదులుతున్నాయన్నమాట. నీళ్ళు మార్చి, కాస్త సబ్బు నురగలో మెల్లగా వత్తి, మళ్ళీ మళ్ళీ జాడించండి. బ్లీచింగ్ జోలికి వెళ్ళొద్దు, పాత నూలు పోగును అది ఇంకా బలహీనం చేస్తుంది. కొంచెం పసుపు ఛాయ మిగిలితే మిగలనివ్వండి. పిండకుండా తువ్వాల్లో పెట్టి అదిమితే చాలు. నిలబెట్టడానికి నేను సగ్గుబియ్యం గంజి వాడతాను, అన్నం గంజి కంటే తేటగా ఉంటుంది. కొందరు ఫెవికాల్ నీళ్ళలో కలిపి పెడతారు. అది ఎండాక మళ్ళీ ఉతికి తీయడం కష్టం, పాత లేసుకు వద్దు. గంజిలో ముంచి, పీట మీద గుడ్డ పరిచి, ఒక్కో మొననూ లాగి తుప్పు పట్టని గుండుసూదితో గుచ్చి ఆరనివ్వండి.

పిండి దేవదూతలకు శత్రువు మన గోదావరి గాలే. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు నీళ్ళు పీల్చుకోవడం మొదలుపెడుతుంది, వానాకాలమంతా మనకు అదే పరిస్థితి. వాటిని జాలీ మీద పరిచి ఫ్యాను కింద రెండు రోజులు, తర్వాత మధ్యాహ్నపు ఎండలో మూడు రోజులు, అటూ ఇటూ తిప్పుతూ ఆరబెట్టండి. బూజు ఉంటే బయట నిలబడి పొడి బ్రష్షుతో దులపండి, తడి గుడ్డ తగలనివ్వకండి. రాయిలా గట్టిపడ్డాకే వార్నిష్. ముందు వెనకవైపు ఓ మూల రాసి చూడండి, పిల్లలు స్కెచ్ పెన్నులు వాడి ఉంటే రంగు చెదరొచ్చు. చెదరకపోతే ముందు, వెనక, దారం వెళ్ళే బెజ్జం లోపల కూడా రెండు పూతలు వేయండి. అందరూ మర్చిపోయేది ఆ బెజ్జమే, తేమ దూరేదీ అక్కడినుంచే. తర్వాత బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు నాలుగు వేసి పెట్టండి.

ఇక పిల్లల మాట. వాళ్ళు అడిగే మెరిసే బంతుల పుట్టుక కూడా ఇలాంటి ఇళ్ళల్లోనే. జర్మనీలో లౌషా అనే కొండ ఊళ్ళో 19వ శతాబ్దంలో దీపం మంట మీద గాజు గొట్టాన్ని కరిగించి, నోటితో ఊది బంతి చేసేవారు. మగవాళ్ళు ఊదితే ఆడవాళ్ళు, పిల్లలు లోపల వెండి మెరుపు పోసి, పైన రంగులు అద్దేవారు. ఇది మీ పిల్లలకు చెప్పండి. రెండు బంతులు కొనివ్వండి, తప్పేం లేదు. ఈ ఏడాది వాళ్ళ చేత కూడా ఒక్కొక్కటి చేయించండి. మా చిన్నప్పుడు సరుగుడు కొమ్మ తెచ్చి, ఇసుక పోసిన బకెట్లో నిలబెట్టి, పాత శుభలేఖలు కత్తిరించి నక్షత్రాలు చేసి కట్టేవాళ్ళం. ఎర్ర అట్ట మీది బంగారు పూలు దీపం వెలుగుకు తళుక్కుమనేవి. వాళ్ళు చేసినవి నానమ్మ నక్షత్రాల పక్క కొమ్మకే కట్టండి, వేరే చోట కాదు.

ఒక్క పని మాత్రం ఈ వారమే చేయండి. తెల్ల రిబ్బను ముక్కల మీద ఎవరు చేశారో, ఏ ఏడాదో పెన్సిల్‌తో రాసి ప్రతి బొమ్మ ఉచ్చుకూ కట్టండి. పెన్సిల్ రాత తడిసినా పారదు. పదకొండు నక్షత్రాల్లో ఏది ఏ ఏటిదో మీ ఆయనకో, ఆడపడుచుకో ఇంకా గుర్తుండే ఉంటుంది. ఇప్పుడే అడిగి రాసుకోండి. మా అమ్మ గంట ఏ ఏడాది అల్లిందో చెప్పేవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు.

ప్రశ్న: నా స్నేహితురాలు వాళ్ళది హిందువుల ఇల్లు. అయినా మా ట్రీకోసమని తన చేత్తో రంగులేసిన కొండపల్లి చిలుక ఇచ్చింది. రెక్క ఊడిపోయింది. బజారు జిగురుతో అతికిస్తే మళ్ళీ ఊడింది. – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కొండపల్లి మీ పక్కనే ఉంది కదండీ, అక్కడి బొమ్మలవాళ్ళ పద్ధతే పాటించండి. ఆ బొమ్మలు తేలికైన తెల్ల పొణికి కర్రతో చేస్తారు. ముక్కల్ని అతికేది మక్కుతో, అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన ముద్దతో. ముందు పాత జిగురు గీరేయండి, అది ఉంటే ఏదీ పట్టదు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, మెత్తగా పొడిచేసి నీళ్ళలో చిక్కగా ఉడికించండి. దాంట్లో సన్నని రంపపు పొట్టు కలిపి, అతుకులో కూరి, రెక్కను నూలు దారంతో కట్టి రెండు రోజులు కదపకండి. పైకి వచ్చిన మక్కును గరుకు కాగితంతో రుద్దండి. రంగు మీరే వేసేయకండి, ఆవిణ్ణి ఇంటికి పిలవండి. ఆ పచ్చ ఎలా కలిపిందో ఆవిడకే తెలుసు.