పోకర్ కోసం ఉద్యోగం మానేస్తానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 34 ఏళ్లు. పదేళ్లుగా స్థిరమైన ఉద్యోగం. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు, ఇంటి లోను ఉన్నాయి. ఎనిమిది నెలలుగా సాయంత్రాలు ఆన్‌లైన్‌లో పోకర్ క్యాష్ గేమ్స్ ఆడి బాగానే సంపాదించాడు. మేముండే చోట అది చట్టవిరుద్ధం కాదు. ఇప్పుడు ఉద్యోగం మానేసి, పందేలు ఎక్కువుండే పెద్ద టేబుళ్ల మీద అదే వృత్తిగా ఆడతానంటున్నాడు. పెట్టుబడికి నా రిటైర్మెంట్ డబ్బులో కొంత అడుగుతున్నాడు. జూదమని కేకలేశాను. కోడలు ఒప్పుకుందట. ఉద్యోగాన్నీ పోకర్‌నూ పోల్చి, ఏది మేలో చెప్పగలరా? – ఒక తండ్రి

సమాధానం: పోల్చి చెబుతాను. కానీ ఇలాంటి ఉత్తరాలన్నిటిలోనూ పోలిక కింద ఇంకో ప్రశ్న ఉంటుంది: ‘మావాడు చేయి దాటిపోయాడా?’ అని. ముందు దానికి జవాబు. మీరు రాసినదాన్నిబట్టి, దాటిపోలేదు. ఆట వ్యసనమైనవాడు పోయిన డబ్బు రాబట్టాలని అదే రాత్రి పెద్ద టేబుల్‌కి వెళ్తాడు. అప్పులు చేస్తాడు. ఎంత పోయిందో ఇంట్లో దాస్తాడు. రెండు వారాలు ఆపమంటే ఆపలేడు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇది కెరీర్ సలహాతో తేలే విషయం కాదు, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. మీ అబ్బాయి మాత్రం ఉద్యోగంలో ఉండగానే వచ్చి మిమ్మల్ని అడిగాడు. కాస్త కుదుటపడండి.

ఇక మీతో ఒక మాట. కేకలేసిన ఇంట్లో నిజమైన లెక్క బయటికి రాదు. ఇకమీదట గెలిచిన రోజుల సంగతే మీ చెవిన పడుతుంది, ఓడిన రోజులు గదిలోనే ఉండిపోతాయి. పైగా కోడలి సంగతి రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆ అమ్మాయితో మీరు నేరుగా మాట్లాడలేదని తెలిసిపోతూనే ఉంది. నెలనెలా లోను వాయిదా కట్టాల్సిన ఇల్లు ఆమెది. వరసగా మూడు నెలలు డబ్బు పోవచ్చని తెలిసే ఒప్పుకుందా, పైకి ఎగబాకిన లాభాల గ్రాఫ్ చూసి ఒప్పుకుందా? అది అడగకుండా నాకు ఉత్తరం రాయడం సరికాదు.

ఎనిమిది నెలల లాభం దగ్గరికి వద్దాం. పోకర్‌లో అనుభవాన్ని నెలల్లో కొలవరు, ఎన్ని హ్యాండ్లు ఆడాడన్నదే లెక్క. హ్యాండ్ అంటే ఒకసారి పేక పంచి ముగించే ఆట. సాయంత్రాలు మాత్రమే ఆడేవాడికి ఈ వ్యవధిలో సుమారు 60,000 హ్యాండ్లు అయి ఉంటాయనుకుందాం. లాభాన్ని 100 హ్యాండ్లకు ఎన్ని బిగ్ బ్లైండ్లు అని చెబుతారు. బిగ్ బ్లైండ్ అంటే ఆ టేబుల్ మీద పేక పంచకముందే వంతు వచ్చిన ఆటగాడు తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం. 100కి 5 గెలిచాడంటే చాలా మంచి ఫలితం. అయితే పందేనికి పరిమితి లేని నో లిమిట్ హోల్డెమ్ అనే పోకర్ రకంలో 100 హ్యాండ్ల ఫలితం సాధారణంగా 90 బిగ్ బ్లైండ్ల దాకా అటూఇటూ ఊగుతుంది. ఆ ఊపును లెక్కలోకి తీసుకుంటే, 60,000 హ్యాండ్ల తర్వాత అతని అసలు సత్తా మైనస్ 2కీ ప్లస్ 12కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అంటే నిజానికి ఓడే ఆటగాడికి కూడా ఎనిమిది మంచి నెలలు రావచ్చు. అదే లాభం 1,25,000 హ్యాండ్ల దాకా నిలిస్తే అప్పుడు అదృష్టం కాదని కొంత ధైర్యంగా అనవచ్చు. అదీ ఆడిన టేబుల్ వరకే. అతను ఆడబోయేది పెద్ద టేబుల్ కదా! అక్కడ కూర్చునేవాళ్లు వేరు, లాభం తగ్గుతుంది. చిన్న టేబుల్ రికార్డు చూపించి పెద్ద టేబుల్‌కి పెట్టుబడి అడగడం సగం పరీక్ష రాసి మొత్తం మార్కులు అడగడమే.

కాబట్టి ఫోన్‌లో గ్రాఫ్ చూసి ఏదీ తేల్చుకోకండి. ఆడిన ప్రతి హ్యాండ్‌నూ నమోదు చేసే ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌లోని మొత్తం డేటా, సైట్‌లోకి వేసిన డబ్బు, తీసిన డబ్బు బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సహా అడగండి. పాట్ నుంచి, అంటే పోగైన పందెం డబ్బు నుంచి, సైట్ కోసుకునే రేక్ పోగా మిగిలిందెంత? అందులో సైట్ రేక్‌లోంచి తిరిగిచ్చే రేక్‌బ్యాక్, బోనస్‌ల వాటా ఎంత? ఆడిన గంటలకు చదువుకున్న గంటలు కూడా కలిపితే గంటకు ఎంత పడింది? వృత్తిగా తీసుకోదలచినవాడి దగ్గర ఇవన్నీ సిద్ధంగా ఉంటాయి. లేకపోతే అతను ఇంకా సరదాగానే ఆడుతున్నట్టు.

అసలు ప్రమాదం చాలామంది అనుకునే చోట లేదు. బాగా ఆడేవాడు కూడా ఇంటి ఖర్చు వల్ల దివాలా తీస్తాడు. ఈ ఒక్క సంగతి మీ ఇంట్లో అందరికీ అర్థమైతే చాలు.

లెక్క చూడండి. 100 హ్యాండ్లకు నిజంగా 4 బిగ్ బ్లైండ్లు గెలిచే ఆటగాడు 20 బై-ఇన్‌ల బ్యాంక్‌రోల్‌తో దిగాడు. బ్యాంక్‌రోల్ అంటే ఆట కోసం పక్కన పెట్టిన మొత్తం డబ్బు. బై-ఇన్ అంటే ఒక టేబుల్ దగ్గర కూర్చునేటప్పుడు తెచ్చుకునే డబ్బు, ఇక్కడ 100 బిగ్ బ్లైండ్లు. గెలిచినదాంట్లోంచి పైసా తీయకపోతే, ఎప్పటికైనా అంతా పోగొట్టుకునే అవకాశం నూటికి 14. గెలుపులో సగం ఇంటి ఖర్చుకు తీస్తే అది నూటికి 37 అవుతుంది. గెలిచినదంతా ప్రతినెలా తీసేస్తే, ఆట ఎంత బాగున్నా ఏదో ఒకరోజు బ్యాంక్‌రోల్ సున్నా కావడం ఖాయం. విత్తనాల వడ్లు దంచుకు తిన్నాక పొలం ఎంత మంచిదైతే ఏం? అదే 50 బై-ఇన్‌లతో మొదలుపెడితే, సగం తీసుకున్నా ఆ ముప్పు నూటికి 8, 9కి దిగుతుంది. ఒంటరివాడు డబ్బు తగ్గినప్పుడు చిన్న టేబుల్‌కి దిగి, ఖర్చులు బిగించుకుని మళ్లీ పుంజుకుంటాడు. లోను వాయిదాకు, స్కూలు ఫీజుకు అలా దిగడం తెలియదు. కుటుంబం ఉన్నవాడికి పోకర్ కష్టం కావడానికి కారణం ఇదే, అతని తెలివితో దీనికి సంబంధం లేదు.

ఇంకొకటి. అదే ఆటగాడు నెలకు 30,000 హ్యాండ్లు ఆడితే, ఏ తప్పూ చేయకపోయినా ఏడాదిలో రెండు మూడు నెలలు నష్టంతో ముగుస్తాయి. ఆ నెలల్లో ఇంట్లో ముఖాలు మాడ్చుకుని ఎదురుపడితే, మరుసటి రోజు అతను భయంతో ఆడతాడు లేదా కసితో ఆడతాడు. ఆటగాళ్లు టిల్ట్ అనేది దీన్నే. అప్పుడు 4 బిగ్ బ్లైండ్ల లాభం నష్టంగా మారడానికి వారం చాలు.

ఈ దారికి ఇప్పుడున్న మోజు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్, ఆన్‌లైన్ టోర్నమెంట్ ద్వారా ప్రవేశం సంపాదించి, వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ అనే పెద్ద పోటీ మెయిన్ ఈవెంట్‌లో 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఉద్యోగస్తులంతా టేబుళ్ల మీదికి వచ్చి పడ్డారు. ఆట తెలియనివాళ్లు అంతమంది ఉన్నారు కాబట్టే అప్పట్లో చాలామందికి గడిచింది. ఇప్పుడు ఏ పేకకు ఎలా ఆడితే మేలో లెక్కగట్టి చెప్పే సాల్వర్ సాఫ్ట్‌వేర్ ఎవరైనా కొనుక్కోవచ్చు, నేర్చుకోవచ్చు. 2017లో లిబ్రాటస్ అనే ప్రోగ్రాం 1,20,000 హ్యాండ్లలో నలుగురు నిపుణుల్ని ఓడించింది. 2019లో ప్లూరిబస్ అనే మరో ప్రోగ్రాం ఆరుగురి టేబుల్ మీద కూడా నెగ్గింది. మనిషి బదులు ఆడే ప్రోగ్రాంల కోసం, అంటే బాట్ల కోసం, సైట్లు వెతుకుతూనే ఉంటాయి, అవి వస్తూనే ఉంటాయి. పదేళ్ల అనుభవం ఉద్యోగంలో విలువ పెంచుతుంది. ఇక్కడ పదేళ్లలో అవతలివాళ్లూ అంతే నేర్చుకుంటారు.

వీడియోల్లో కనిపించే టోర్నమెంట్ గెలుపుల్ని అసలు నమ్మకండి. ప్రచురించే మొత్తంలో ఎంట్రీ ఫీజులు తీసేయరు. చాలామంది గెలవబోయే డబ్బులో వాటాలు ముందే అమ్ముకుంటారు, కాబట్టి వేదిక మీద అందుకున్న డబ్బులో వాళ్లకు దక్కేది కొంతే. ఆట నేర్పే కోర్సు అమ్మేవాడికి మీ అబ్బాయి గెలిచినా ఓడినా ఆదాయమే.

చట్టం ఒక్క పూటలో మారిపోతుందని కూడా గుర్తుంచుకోండి. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం పెద్ద సైట్ల మీద కేసులు పెట్టి డొమైన్లు స్వాధీనం చేసుకుంది. వాటిలో ఒకటైన ఫుల్ టిల్ట్‌ సైట్‌లో ఇరుక్కున్న డబ్బు అక్కడి ఆటగాళ్లకు తిరిగి రావడం 2014లోగానీ మొదలుకాలేదు. భారతదేశంలో 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. పోకర్ సైట్లూ ఆగిపోయాయి. ఇవాళ మీ దగ్గర చట్టబద్ధమే అయినా, బ్యాంక్‌రోల్ అంతా ఒకే సైట్‌లో ఎప్పుడూ ఉంచకూడదు.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా. ఉద్యోగంలో జీతంతోపాటు ఆరోగ్య బీమా, పదవీ విరమణ పొదుపు, సెలవులు, లోను తెచ్చిపెట్టే ఆదాయ పత్రం ఉంటాయి. పోకర్‌లో ఇవన్నీ సొంత డబ్బుతో కొనుక్కోవాలి, పన్ను సంగతి దేశాన్నిబట్టి వేరు. సమయం మన చేతిలో ఉంటుందనే మాట సగమే నిజం. ఆట తెలియనివాళ్లు టేబుల్ మీదికి వచ్చేది రాత్రిళ్లు, సెలవు రోజులు. పిల్లలు ఇంట్లో ఉండేదీ అప్పుడే.

నా సలహా: ఇప్పుడు రాజీనామా వద్దు, ఆట మానాలని పట్టుబట్టడమూ వద్దు. ఉద్యోగం చేస్తూనే, తాను ఆడాలనుకుంటున్న పెద్ద టేబుల్ మీద, చిన్న టేబుల్‌లో గెలిచిన డబ్బుతోనే లక్ష హ్యాండ్లకు పైగా ఆడనివ్వండి. అప్పటికీ లాభం నిలిస్తే కంపెనీని ఆరు నెలలు జీతం లేని సెలవు అడగమనండి. ఆ సెలవు మొదలయ్యేనాటికి బ్యాంక్‌రోల్‌లో 50కి తగ్గకుండా బై-ఇన్‌లు ఉండాలి. దానికి సంబంధం లేని వేరే ఖాతాలో, కోడలి పేరు మీద, 12 నెలల ఇంటి ఖర్చు లోను వాయిదాలతో సహా ఉండాలి. బీమా సొంతంగా కట్టి ఉండాలి. బ్యాంక్‌రోల్ సగానికి పడితే లేదా ఖర్చుల ఖాతాలో ఆరు నెలల డబ్బే మిగిలితే, ఆ వారమే తిరిగి ఉద్యోగంలో చేరాలి. ఈ రెండు గీతలూ ముందే కాగితం మీద రాసి భార్యాభర్తలు సంతకాలు పెట్టుకోవాలి. నష్టంలో ఉన్న రాత్రి గీసే గీత నిలబడదు.

మీ రిటైర్మెంట్ డబ్బు ఇవ్వకండి. ఒక్క బై-ఇన్ కూడా. తండ్రి డబ్బు టేబుల్ మీద ఉన్నవాడు వదులుకోవాల్సిన పేకను వదులుకోలేడు. ఇవ్వనని చెప్పేటప్పుడు జూదగాడన్న మాట మాత్రం ఎత్తకండి, ఈ కారణమే చెప్పండి. ఆ రోజు కోడలు కూడా అక్కడ కూర్చునేలా చూడండి.