వేసవి మధ్యాహ్నం కూడా పడిపోని ఫ్రేమ్ రేట్ కోసం గ్రాఫిక్స్ సెట్టింగ్స్ ఎలా పెట్టుకోవాలి?

మీది భీమవరమనీ, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 144 హెర్ట్జ్ తెర ఉన్న ల్యాప్‌టాప్‌లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే కౌబాయ్ ఆట ఆడుతున్నాననీ రాశారు. సెట్టింగ్స్ హైలో పెడితే ఫ్రేమ్ రేట్ (సెకనుకు కార్డు గీసే బొమ్మల సంఖ్య) 35కూ 60కీ మధ్య ఊగిపోతోందనీ, అన్నీ లోలో పెడితే 60 వస్తోంది గానీ బొమ్మ చూడబుద్ధి కావడం లేదనీ, రెండింటికీ మధ్య ఎక్కడ ఆగాలో తెలియడం లేదనీ అడిగారు. నాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. ఇదే కార్డుతో, ఇలాంటి తెర మీదే ఈ ఆటను రెండు వేసవులు ఆడాను కనుక, నాకు కుదిరిన పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

ముందుగా 60 అనే అంకెను పక్కన పెట్టమని కోరుతున్నాను. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు, 35 అంటే 28.6 మిల్లీసెకన్లు. కంటిని ఇబ్బంది పెట్టేది సగటు ఫ్రేమ్ రేట్ తక్కువ కావడం కన్నా, ఒక ఫ్రేము 17 మిల్లీసెకన్లకూ దాని వెనక వచ్చేది 28కీ రావడమే. మీ తెర సెకనుకు 144 సార్లు మారుతుంది. దాన్ని మూడుతో భాగిస్తే 48. అంటే ఫ్రేమ్ రేటును 48 దగ్గర కట్టేసి, వీ-సింక్ (ఫ్రేములను తెర మారే వేళకు జతపరిచే సెట్టింగ్) ఆన్‌లో ఉంచితే ప్రతి ఫ్రేమూ తెర మీద సరిగ్గా మూడు విడతలు నిలుస్తుంది, కదలిక సమంగా సాగుతుంది. అదే 50 దగ్గర కడితే కొన్ని ఫ్రేములు రెండు విడతలు, కొన్ని మూడు విడతలు నిలిచి, అంకె పెద్దదైనా గుర్రం నడక కుంటినట్టు కనిపిస్తుంది. (ఫ్రేము వచ్చిన వేళకే తెర మారే అడాప్టివ్ సింక్ ఉన్న తెరలకు ఈ లెక్క పట్టింపు లేదు, నా ల్యాప్‌టాప్ తెరకు ఆ సౌకర్యం లేదు.) పరిమితి పెట్టడానికి నేను రివాట్యూనర్ అనే ప్రోగ్రామ్ వాడుతున్నాను, ఒక్కో ఫ్రేముకు పట్టే సమయాన్ని చూపే ఫ్రేమ్ టైమ్ గీతను తెర మూలన చూపించేదీ అదే. ఆ గీత చదునుగా ఉందా లేదా అన్నదే నాకు అసలు కొలత.

ఈ ఆట పీసీకి 2019 నవంబరులో వచ్చింది. తయారీదారులు కనీసంగా జీటీఎక్స్ 770 రెండు జీబీ కార్డునూ, సిఫారసుగా జీటీఎక్స్ 1060 ఆరు జీబీ కార్డునూ చెప్పారు. మన కార్డు ఆ రెండింటికీ మధ్యది కాబట్టి అన్నీ హైలో పెట్టి అన్ని చోట్లా 60 ఆశించడం దానికి న్యాయం కాదు.

ఇక ఎక్కడ పరీక్షించాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. మంచు కొండల మీదో, ఖాళీ మైదానంలోనో సెట్టింగ్స్ కుదుర్చుకుంటే ఊళ్లోకి రాగానే లెక్క తప్పుతుంది. నేను ఆటలోని సెయింట్ డెనిస్ నగర వీధుల్లో జనం మధ్య ఒకసారి, దాని పక్కనున్న చిత్తడి నేలల్లో తెల్లవారుజామున పొగమంచులో ఒకసారి, మొత్తం అరగంటకు తగ్గకుండా తిరిగి చూస్తాను. ఆ చిత్తడి నేలలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. నీళ్లలో నిలబడ్డ చెట్లూ వేళ్లూ చూస్తే కోరింగ మడ అడవుల్లో పడవ మీద వెళ్లిన ఉదయం గుర్తుకొస్తుంది. అక్కడ 48 నిలిచిందంటే ఆటలో మిగిలిన చోట్ల దాదాపుగా నిలిచినట్టే. నగరంలో ఫ్రేములు పడిపోతే, రిజల్యూషన్‌ను (బొమ్మలోని చుక్కల సంఖ్యను) కాసేపు 1080 నుంచి 720కి దించి చూడండి. ఫ్రేమ్ రేట్ బాగా పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డు మీద ఉందని అర్థం; పెరగకపోతే ప్రాసెసర్ మీద ఉందని అర్థం, అప్పుడు నీడలూ నీళ్లూ ఎంత తగ్గించినా పెద్దగా ప్రయోజనం ఉండదు.

భారం కార్డు మీదే అయితే మొదట, బొమ్మల అంచుల గరుకును నునుపు చేసే రెండు సెట్టింగ్స్‌లో ఎంఎస్ఏఏ పూర్తిగా తీసేసి టీఏఏ ఒక్కటే ఉంచండి. ఈ ఒక్క మార్పుతో వచ్చే లాభం మరే మార్పుతోనూ రాదు. టెక్స్‌చర్లను (వస్తువుల పైతలం మీద పరిచే బొమ్మలను) మాత్రం తగ్గించకండి. కార్డులోని 4 జీబీ మెమరీలో ఇమిడినంతవరకు అవి ఫ్రేమ్ రేటును దాదాపు ముట్టుకోవు, తగ్గించారంటే కోటు మీద నేత, జీను మీద కుట్లు అన్నీ మట్టిముద్దలవుతాయి. మీరు "చూడబుద్ధి కావడం లేదు" అన్నదానికి కారణం చాలావరకు ఇదేనని నా నమ్మకం. ఎంత మెమరీ పడుతోందో సెట్టింగ్స్ తెరలోనే కనిపిస్తుంది, హద్దు దాటకుండా చూసుకుంటే చాలు. పొగమంచునూ, గాలిలో వెలుగునూ గీసే వాల్యుమెట్రిక్ అనే పేరున్న సెట్టింగ్స్ అన్నీ మీడియంలో పెట్టండి. పొగమంచు పొగమంచులాగే ఉంటుంది. నీడలు మీడియం, రిఫ్లెక్షన్లు లో, చెట్ల టెసలేషన్ (చెట్ల ఆకృతికి అదనపు వివరం చేర్చేది) ఆఫ్. నీళ్ల దగ్గర మాత్రం నేను రాజీ పడలేకపోయాను. గోదావరి పాయల మధ్య పెరిగినవాడికి నీటి మీద వెలుగు తప్పుగా పడితే చూపు అక్కడే ఆగిపోతుంది. అయితే వాటర్ ఫిజిక్స్ అనే గీతను పూర్తిగా కుడికి లాగనక్కర లేదు. సగం దాటాక భారం బాగా పెరుగుతుంది, అలల్లో తేడా మాత్రం వెతికితే గానీ కనిపించదు. నేను సగం దగ్గరే ఆపాను.

ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే, బొమ్మను చిన్నగా గీసి పెద్దది చేసే ఎఫ్‌ఎస్‌ఆర్ 2 అనే సెట్టింగ్ ఉంది. క్వాలిటీ స్థాయిలో అది 1280x720లో గీసి 1080కి పెంచుతుంది, అంటే కార్డు గీసే పిక్సెళ్లు సగం కన్నా తగ్గుతాయి. ఫ్రేములు పెరుగుతాయి గానీ గడ్డి పరకలూ, గుర్రపు జూలూ మినుకుమినుకుమంటాయి. అందుకే దాన్ని నేను చివరి దారిగానే ఉంచుకుంటాను.

ఇప్పుడు మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి. పోయిన మే నెలలో ఆట మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకు నా ఫ్రేమ్ రేట్ 48 నుంచి 38కి జారిపోయేది, రాత్రి పదింటికి ఆడితే జారేది కాదు. ఉక్కపోత వల్లేమో అనుకున్నాను గానీ గాలిలో తేమ మన ఒంటిని బాధించినట్టు యంత్రాన్ని బాధించదు, దానికి లెక్క గది ఉష్ణోగ్రతే. ఒక సర్వీసు షాపులో చూపిస్తే కార్డు పాతబడిందని, కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోమని చెప్పారు. మనసొప్పక ఇంటికొచ్చి అడుగు మూత విప్పాను. మా ఇంటి వెనక కొబ్బరి పీచు మిల్లు ఉంది. వేడిని బయటికి పంపే సన్నటి లోహపు రేకుల సందుల్లో ఆ గోధుమరంగు పొట్టు దుమ్ముతో కలిసి, తేమకు అతుక్కుని, గొంగళి ముక్కలాగా పేరుకుపోయి ఉంది. వేలితో పట్టుకుని లాగితే ఒకే పొరగా ఊడి వచ్చింది. ఫ్యాను తిరగకుండా వేలితో ఆపి పట్టుకుని మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేసి, చిప్పు వేడిని లోహానికి అందించే థర్మల్ పేస్ట్ మార్చాను. అదే గదిలో, అదే మధ్యాహ్నం వేళ 48 కదలకుండా నిలిచింది. మీ ఇంటి దగ్గర పీచు మిల్లు లేకపోయినా బియ్యం మిల్లు ఊక ఉండవచ్చు. వారంటీ ఉంటే మాత్రం మీరే విప్పకుండా కంపెనీవారి చేత చేయించండి. దీనితోపాటు విండోస్ పవర్ ప్లాన్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి దించితే టర్బో (ప్రాసెసర్ మామూలుకన్నా వేగంగా పనిచేయడం) ఆగి వేడి గణనీయంగా తగ్గుతుంది. నగరంలో కొన్ని ఫ్రేములు పోవచ్చు కాబట్టి రెండు విధాలా చూసి నిర్ణయించుకోండి.

ర్యామ్ ఎంతో మీరు రాయలేదు. ఒకే 8 జీబీ స్టిక్ ఉంటే రెండోది వేయించండి. ఈ ఆటకు సిఫారసు 12 జీబీ, పైగా రెండు స్టిక్కులున్నప్పుడు ప్రాసెసర్‌కు డేటా రెండు దారుల్లో అందుతుంది కనుక హఠాత్తుగా వచ్చే కుదుపులు తగ్గుతాయి. నాకు సగటు పెద్దగా పెరగలేదు గానీ నగరంలో మలుపు తిరిగినప్పుడల్లా వచ్చే ఆగుడు పోయింది.

కొలతలు తీసేటప్పుడు ఛార్జర్ పెట్టి ఉందో లేదో కూడా చూసుకోండి. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదకు మారిందంటే కార్డుకు అందే శక్తి బాగా తగ్గిపోతుంది. ఆ సంగతి గమనించక ఒక సాయంత్రమంతా సెట్టింగ్స్ తప్పనుకుని మార్చుతూ కూర్చున్నాను. మీ ప్రాసెసర్ ఏదో, సెయింట్ డెనిస్‌లో 720 పెట్టినప్పుడు ఎన్ని ఫ్రేములు వచ్చాయో రాస్తే, పైన చెప్పినవాటిలో మీకు ఏది ముందు చేయాలో చెప్పగలను.