కొలత చూసే అల్లినా స్వెట్టర్ ఎందుకు వదులవుతుంది?

ఛాతీ కొలత చూసుకునే అల్లినా స్వెట్టర్ గోనెసంచిలా వేలాడుతోందని అడిగారు. తప్పు టేపుది కాదు, చేతి బిగువుది. ఒకే ఊలు, ఒకే సూదులతో ఇద్దరు అల్లినా అంగుళానికి పడే కుట్లు ఒకేలా ఉండవు. ఛాతీ 36 అంగుళాలు, వదులుకి 4 కలిపితే 40. అంగుళానికి 5 కుట్లనుకుని 200 ఎక్కించారు. మీ చేతికి నాలుగున్నరే పడితే స్వెట్టర్ 44 అంగుళాలు దాటిపోతుంది.

అందుకే ముందు ఆరంగుళాల ముక్క అల్లి, స్వెట్టర్ని ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, పూర్తిగా ఆరాక మధ్యలో 4 అంగుళాల మేర కుట్లు లెక్కపెట్టండి. అంచులు ముడుచుకుంటాయి, వాటిని నమ్మొద్దు. అనుకున్నదానికన్నా కుట్లు తక్కువొస్తే సన్న సూది, ఎక్కువొస్తే లావు సూది వాడండి. విసుగు పనే. నేనూ ఒకసారి ఎగ్గొట్టి, మెడ దాకా వచ్చాక మొత్తం విప్పుకున్నాను.

సరిగ్గా పట్టే పాత స్వెట్టర్ ఉంటే నేలమీద పరిచి దాన్నే కొలవండి.

ఇక క్రిస్మస్‌కి పది రోజుల ముందు పెద్దవాళ్ల స్వెట్టర్ మొదలుపెట్టి టెన్షన్ పడకండి. మఫ్లర్ అల్లండి, అంగుళం అటూ ఇటూ అయినా ఎవరూ అడగరు.