అక్కా బావల ఫోన్ కలవడం లేదు... పిల్లలకేం చెప్పను?

ప్రశ్న: మా అక్క, బావగారు పిల్లలిద్దరినీ నా దగ్గర వదిలి విదేశీ టూర్‌కి వెళ్లారు. వాళ్లున్న ప్రాంతంలో మొన్న రాత్రి పెద్ద భూకంపం వచ్చింది. అప్పట్నుంచి ఇద్దరి ఫోన్లూ కలవట్లేదు. అమ్మకు బీపీ ఉందని విషయం చెప్పలేదు, టీవీ పాడైందని అబద్ధమాడాం. తమ్ముడు వాళ్ల ఫొటోలు, పాస్‌పోర్టు కాపీలు, నా నంబరు ఫేస్‌బుక్‌లో పెట్టాడు. దాంతో ఎవరో ఫోన్ చేసి ‘మీవాళ్లు ఆస్పత్రిలో ఉన్నారు, ఆపరేషన్‌కి డబ్బు పంపండి’ అంటున్నారు. తమ్ముడేమో రేపే విమానం ఎక్కుతానంటాడు. బావగారి అన్నయ్య గంటకోసారి ఫోన్ చేసి, ఈ ప్రయాణం మా అక్క పట్టుబట్టే పెట్టించిందని నిష్ఠూరమాడుతున్నారు. పదకొండేళ్ల పాప ‘అమ్మ ఎందుకు ఫోన్ చెయ్యట్లేదు పిన్నీ?’ అంటోంది. ఏం చేయాలో పాలుపోవడం లేదు.
- ఓ చెల్లెలు

జవాబు: ముందు ఆ డబ్బు సంగతి. పంపకండి. ఈపాటికే పంపి ఉంటే వెంటనే బ్యాంకుకు చెప్పండి. ఎక్కడ విపత్తు జరిగినా ఇలాంటివాళ్లు తయారవుతారు. వాళ్ల దగ్గరున్న వివరాలన్నీ మీ తమ్ముడు పెట్టిన పోస్టులోవే కావచ్చు, కాబట్టి పాస్‌పోర్టు నంబరు చెప్పారని నమ్మేయకండి. ఆస్పత్రి పేరు, ఊరి పేరు మాత్రం అడిగి రాసుకుని రాయబార కార్యాలయానికి ఇవ్వండి. నిజమో కాదో వాళ్లు విచారిస్తారు. పాస్‌పోర్టు కాపీలు ఈ క్షణమే తీసేయించండి. ఫొటోలు ఉండనివ్వండి, కానీ మీ నంబరు బదులు కొత్తగా తెరిచిన ఈమెయిల్ ఇవ్వండి. అక్కా బావలు ఫోన్ చేయగలిగితే చేసేది మీ నంబరుకే. దాన్ని ఖాళీగా ఉంచాలి.

ఫోన్ కలవకపోవడాన్ని మీరు చెడు కబురుగా లెక్కేస్తున్నారు. అది కబురే కాదు. భూకంపం రాగానే కరెంటు పోతుంది, సెల్ టవర్లు కొన్ని గంటలపాటు బ్యాటరీల మీద నడిచి ఆగిపోతాయి. నడుస్తున్న టవర్ల మీద ఊరు ఊరంతా ఒకేసారి పడుతుంది. పైగా మీవాళ్ల ఫోన్లలో చార్జింగ్ ఉండాలి కదా. 2015 ఏప్రిల్ 25 నాటి నేపాల్ భూకంపం తర్వాత లాంగ్‌టాంగ్ లోయలో దారులన్నీ మూసుకుపోయి, బతికి బయటపడ్డవాళ్లు కూడా రోజుల తరబడి హెలికాప్టర్ల కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. మీవాళ్లు క్షేమంగానే ఉన్నారని నేను మాట ఇవ్వలేను. రెండు రోజుల నిశ్శబ్దాన్ని బట్టి ఎటూ తేల్చలేమని మాత్రం చెప్పగలను.

కాల్ చేయడం తగ్గించి మెసేజ్ పెట్టండి. ఎస్‌ఎంఎస్‌కు నెట్‌వర్క్‌లో చాలా తక్కువ చోటు చాలు, ఫోన్ సిగ్నల్‌లోకి రాగానే అందుతుంది. వాట్సాప్‌లో ఒక్క టిక్కే ఉంటే మెసేజ్ ఇంకా ఫోన్‌కి చేరలేదని. రెండు పడితే ఫోన్ నెట్‌వర్క్‌లోకి వచ్చిందన్నమాట, ఆ సమయం రాసుకోండి. మెసేజ్ పొడుగ్గా వద్దు. ‘పిల్లలు బాగున్నారు. ఎక్కడున్నారో ఒక్క ముక్క రాయండి’ చాలు.

ఇక వెతకడం. ఇప్పుడు మీ ఇంట్లో అందరూ అందరికీ ఫోన్లు చేస్తున్నారు, ఎవరికి ఏం చెప్పారో ఎవరికీ గుర్తులేదు. ఈ పని ఒక్కరి చేతిలో పెట్టండి, ఆ ఒక్కరికీ ఒక నోట్‌బుక్ ఇవ్వండి. ఎవరితో మాట్లాడారు, ఎన్ని గంటలకు, ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు చేయమన్నారు, ఫిర్యాదు నంబరెంత - అన్నీ అందులోకే. మీ తమ్ముడు ఊరికే కూర్చోలేని మనిషిలా ఉన్నాడు, ఈ పని అతనికే ఇవ్వండి. మొదటి ఫోన్ ఆ దేశంలోని మన రాయబార కార్యాలయానికి, తర్వాత విదేశాంగ శాఖకు. పెద్ద విపత్తులప్పుడు వీళ్లు ప్రత్యేకంగా హెల్ప్‌లైన్లు తెరుస్తారు. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు పేర్లు, పుట్టిన తేదీ, చివరిసారి మాట్లాడిన సమయం, హోటల్ పేరు, ఆ రోజు ఎక్కడికి వెళ్లాల్సి ఉందో చెప్పాలి. టూర్ కంపెనీ ఆఫీసును ‘ఏమైంది’ అని అడిగితే లాభం లేదు. అక్కడి గైడ్ నంబరు, బస్సు డ్రైవర్ నంబరు ఇమ్మనండి. అదే టూర్‌లో వెళ్లిన మిగతావాళ్ల ఇంటివాళ్లను కలపమనండి, అందులో ఒక్కరికి కబురు అందినా మీకు దారి దొరుకుతుంది. ప్రయాణ బీమా తీసుకుని ఉంటే పాలసీ కాగితం మీద ఎమర్జెన్సీ నంబరు ఉంటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. బీమా కంపెనీల తరఫున ఆస్పత్రులతో మాట్లాడే మనుషులు ఉంటారు.

రెడ్‌క్రాస్‌కి కూడా చెప్పండి. 1870లో ఫ్రాన్స్, ప్రష్యా (నేటి జర్మనీ ప్రాంతం) మధ్య జరిగిన యుద్ధకాలం నుంచీ విడిపోయిన కుటుంబాలను కలపడం వాళ్లు చేస్తున్న పని. విపత్తు పెద్దదైతే ‘ఫ్యామిలీ లింక్స్’ వెబ్‌సైట్‌లో జాబితాలు తెరుస్తారు. ఏ జాబితాలో వెతికినా ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరుతో ఒకసారి, తప్పు స్పెల్లింగులతో మరోసారి వెతకండి. తెలియని భాష పేరును ఆ గందరగోళంలో ఒక నర్సు చెవితో విని రాసుకుంటుంది మరి.

‘గల్లంతైనవారు’ అన్న జాబితాలో వాళ్ల పేర్లు కనిపిస్తే కుప్పకూలిపోకండి. మీరు ఫిర్యాదు చేశారు కాబట్టే అవి అక్కడికి చేరాయి. 2004 డిసెంబర్ సునామీ తర్వాత మొదటి రోజుల్లో స్వీడన్ దేశస్థులు వేలల్లో గల్లంతయ్యారన్నారు. చివరికి తేలిన మృతులు 543 మంది. అదీ తక్కువ విషాదం కాదు. కానీ క్షేమంగా ఉండి కూడా ఆ జాబితాకెక్కినవాళ్లు ఎందరో చూడండి.

తమ్ముణ్ని ఇప్పుడే పంపవద్దు. నేపాల్ భూకంపమప్పుడు ఖాట్మండూలో ఉన్న ఒకే ఒక్క రన్‌వే మీద సహాయ విమానాల రద్దీ భరించలేక, పెద్ద విమానాలను కొన్నాళ్లు ఆపేశారు. భాష రానివాడు, ఊరు తెలియనివాడు అక్కడ దిగితే మీరు వెతకాల్సినవాళ్లు ఇద్దరు కాదు, ముగ్గురవుతారు. ఫలానా ఆస్పత్రిలో ఉన్నారనో, దగ్గరివాళ్లు రావాలనో రాయబార కార్యాలయం కబురు చేసిన రోజున వెళ్లాలి. పాస్‌పోర్టు, వీసా కాగితాలు మాత్రం ఇప్పుడే సిద్ధం చేసుకోమనండి.

బావగారి అన్నయ్యకు కోపం కాదు, భయం. పోయేది తన తమ్ముడేమోనన్న భయం. అలాగని గంటకోసారి మీ అక్కను అనిపించుకోవాల్సిన పని మీకు లేదు. ‘రోజుకు రెండుసార్లు, ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి, తెలిసినదంతా నేనే చెప్తాను. ఈలోపు కొత్త సంగతి తెలిస్తే మొదటి ఫోన్ మీకే’ అనండి. అన్నమాట నిలబెట్టుకోండి. టూర్ ఎవరి ఆలోచన అన్నదానికి జవాబివ్వకండి, మీవాళ్లను సమర్థించనూ వద్దు.

అమ్మ విషయంలో మీరు చేస్తున్నది నాకు నచ్చలేదు. ఇంట్లో అందరూ ఆవిడ గదిలోకి వెళ్లగానే గొంతు తగ్గిస్తున్నారు. ఆ మార్పును కనిపెట్టలేని తల్లి ఉండదు. ఈ పాటికి ఏదో జరిగిందని తెలిసి, అడగడానికి భయపడుతూ ఉండవచ్చు. రేపెవరో పక్కింటివాళ్లు ‘పాపం, మీ అమ్మాయి...’ అని మొదలుపెడితే అప్పుడు బీపీ సంగతేంటి? డాక్టరుకు ముందుగా ఫోన్ చేసి చెప్పి, మాత్ర వేసుకున్నాక, పక్కన కూర్చుని తెలిసినంత చెప్పండి. ‘భూకంపం వచ్చింది, ఫోన్లు కలవట్లేదు, వెతికిస్తున్నాం.’ ఆవిడ ఏడుస్తారు. ఏడవనివ్వండి. ఆ తర్వాత ఆవిడే పిల్లల దగ్గర మీకు పెద్ద సాయం కావచ్చు.

పాపకూ అవే మాటలు. ‘అమ్మ రేపొచ్చేస్తుంది’ అనొద్దు. రేపు రాకపోతే ఆ పిల్ల ఇక మీరు చెప్పేదేదీ నమ్మదు. ‘అమ్మానాన్న ఎక్కడున్నారో ఇంకా తెలీదు. తెలుసుకునే పనిలోనే ఉన్నాం. తెలిసిన వెంటనే నీకు చెప్తాను, దాచను’ అనండి. ‘చచ్చిపోయారా?’ అని అడిగినా కసరకండి. ‘తెలీదమ్మా’ అన్నదే నిజం. ఈ వయసు పిల్లలు ఒక్కోసారి తాము అల్లరి చేసినందుకే ఇలా జరిగిందనుకుంటారు, పైకి చెప్పరు. నీ తప్పేం లేదని అడగకుండానే చెప్పండి. కూలిన మేడల వీడియోలు వాళ్ల కంట పడనివ్వకండి. చిన్నపిల్లలకు ఒకే మేడ పదిసార్లు కూలితే పది మేడలు కూలినట్టే. బడికి పంపండి, టీచర్‌కి మాత్రం సంగతి చెప్పి ఉంచండి.

ఇక మీరు. ఉన్నారో లేరో తెలియని స్థితి మీద పాలిన్ బాస్ అనే అమెరికన్ మానసిక నిపుణురాలు దశాబ్దాల పాటు పనిచేశారు. ఏడవడానికీ ఆశపడడానికీ వీల్లేని ఈ అవస్థ మనిషిని ఎంత నలిపేస్తుందో ఆవిడ రాశారు. ఒక క్షణం ‘వచ్చేస్తారు’ అనిపించి, మరుక్షణం పిల్లల్ని ఎవరు పెంచాలన్న ఆలోచన వచ్చిందా? మీరు పాపిష్టివారేం కాదు. రెండూ ఒకే మనసులో ఉంటాయి. రాత్రి ఫోన్ తమ్ముడికిచ్చి నాలుగు గంటలైనా పడుకోండి, తెల్లవారుజామున మీరు తీసుకోండి.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. రోజులు గడిచి పోలీసులు పళ్ల ఎక్స్‌రేలు, వేలిముద్రలు, డీఎన్‌ఏ అడగవచ్చు. స్పృహలేని మనిషైనా, మృతదేహమైనా పోల్చుకోవడానికి అవి పనికొస్తాయి. అడిగారంటే అంతా అయిపోయిందని అర్థం కాదు. అందాకా అక్క దువ్వెన, టూత్ బ్రష్ కడగకుండా అలాగే ఉంచండి.

ఫోన్ కలిస్తే ఏడుపు ఆగదు, తెలుసు. అయినా ముందు ఎక్కడున్నారు, ఎవరి ఫోన్ నుంచి మాట్లాడుతున్నారు, దెబ్బలున్నాయా అన్న మూడే అడగండి, అవతల బ్యాటరీ ఎంతుందో మీకు తెలీదు. ఆ తర్వాత పాపకివ్వండి. పెట్టేశాక రాయబార కార్యాలయానికీ రెడ్‌క్రాస్‌కీ చెప్పి జాబితాల్లోంచి వాళ్ల పేర్లు తీయించండి, అక్కడ ఇంకా వేరేవాళ్లను వెతకాలి.