మీ అత్త పేరు సరిచేసి పంపు

అమ్మలూ,

నువ్వు మీ అమ్మానాన్నల్ని, మమ్మల్ని సింగపూర్ తీసుకెళ్లి అక్కడ ఓడ ఎక్కిస్తావని చెల్లి మొన్న ఫోన్‌లో చెప్పింది. ముప్పై ఏళ్లు ఓడ అడుగున ఇంజిన్ గదిలో చెమటోడ్చినవాణ్ణి, పైన డెక్ మీద కుర్చీ వేసుకుని కూర్చోబెడతానంటున్నావు. ఊళ్లో నలుగురికీ చెప్పేశాను, కొబ్బరికాయలు దింపేవాడితో సహా. తర్వాత నువ్వు పంపిన టికెట్ చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. విశాఖ నుంచి చెన్నై దాకా వెళ్లే ఓడైతే ఆధార్ సరిపోయేది. ఇది దేశం దాటేది, పాస్‌పోర్టు తప్ప ఏదీ పనికిరాదు. ప్రయాణం నాటికి దానికి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. మీ నాన్నది ఎప్పటిదో చూడు. రెన్యువల్‌కి పదిహేను వందలు, తత్కాల్ అయితే ఇంకో రెండు వేలు. శ్రీకాకుళం పోస్టాఫీసులోనే ఇప్పుడు ఆ పని అవుతోంది. మా రోజుల్లో హైదరాబాదు నుంచి రావాలి.

సింగపూర్ వీసా ఒక్కసారి లోపలికి వెళ్లేది కాకూడదు. విమానంలో దిగుతావు, ఓడలో బయటికెళ్తావు, మళ్లీ అదే ఓడలో లోపలికొస్తావు. అంటే రెండుసార్లు. సింగపూర్ వాళ్ల అరైవల్ కార్డు, అంటే వచ్చేవాళ్లు వివరాలు రాసే ఫారం, ఆన్‌లైన్‌లో, చేరేముందు మూడు రోజుల్లోపు నింపాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు, ఎవడైనా అడిగితే మోసం. దారిలో ఓడ ఆగే దేశాల సంగతి కంపెనీని అడిగి మెయిల్‌లో రాయించుకో. 'మేం అక్కడ దిగం కదా' అంటే కొందరు ఒప్పుకోరు, వీసా లేకపోతే అసలు ఎక్కించుకోరు.

మీ అమ్మ, మీ అత్త పదో తరగతి పాసవలేదు కాబట్టి వాళ్ల పాస్‌పోర్టుల మీద ఈసీఆర్ అని, అంటే విదేశానికి పనికెళ్లాలంటే ప్రభుత్వ క్లియరెన్సు కావాలని, ఉండొచ్చు. యాభై ఏళ్లు దాటాక తీసినవైతే ఉండదు. కంగారు పడకు. అది పనికోసం వెళ్లేవాళ్లకి, చూడ్డానికి వెళ్లేవాళ్లకి క్లియరెన్సు అక్కర్లేదు. కానీ మలేషియా ఆ క్లియరెన్సు కావాల్సిన దేశాల జాబితాలో ఉంది, కౌంటర్ దగ్గర ప్రశ్న రావచ్చు. తిరుగు టికెట్ కాగితం వాళ్ల చేతిలోనే పెట్టు. నీ ఫోన్‌లో ఉంటే లాభం లేదు, నువ్వు పక్క లైన్లో ఉంటావు.

ఇక అసలు సంగతి. టికెట్ మీద మీ అత్త పేరు మనం ఇంట్లో పిలిచే పేరు. ఇంటిపేరు ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పేరు చివర 'అమ్మ' ఉంది. నువ్వు చిన్నప్పట్నుంచీ విన్న పేరే రాశావు. సరిగ్గా ఇదే పని నేను 1987లో చేశాను.

అప్పుడు నేను థర్డ్ ఇంజినీరుని. భార్యని వెంట తీసుకెళ్లొచ్చని కంపెనీ మొదటిసారి ఒప్పుకుంది. మీ అత్త పాస్‌పోర్టు స్కూలు టీసీ చూసి తీశారు, అందులో పుట్టింటి ఇంటిపేరు. కంపెనీ ఫారం నేనే నింపాను, మన ఇంటిపేరు పెట్టి, పేరు నాకు నచ్చినట్టు పొట్టిగా రాసి. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని తట్టలేదు. సముద్రం తెలిసినవాణ్ణని పొగరు.

బొంబాయి డాక్ గేటు దగ్గర ఆఫీసరు లిస్టు చూశాడు, పాస్‌పోర్టు చూశాడు. "ఈవిడ, ఆవిడ ఒకరేనని ఏంటి రుజువు?" అన్నాడు. అరిచాను. జేబులోంచి పెళ్లి ఫోటో తీసి చూపించాను. అతను ఫోటో జాగ్రత్తగా చూసి, "బాగుంది" అని తిరిగిచ్చాడు. ఆ రాత్రే ఓడ కదలాలి. దిద్దించడానికి టైము లేదు.

మీ అత్త ఏడవలేదు. "ఏటయ్యింది?" అని ఒక్కసారి అడిగింది. నేను చెప్పలేదు, ఆఫీసరు మంచివాడు కాడన్నాను. నాకోసం చేసి తెచ్చిన కొబ్బరుండల డబ్బా నా చేతిలో పెట్టింది. దాదర్‌లో సికింద్రాబాద్ వెళ్లే తెలిసినవాళ్లకి అప్పగించాను. అక్కడ బండి మారి సోంపేట స్టేషన్‌లో ఒక్కతీ దిగింది. క్షేమంగా చేరిందని నాకు తెలిసింది రెండు నెలల తర్వాత, వేరే దేశపు రేవులో, ఉత్తరం అందాక. ఆ రెండు నెలలూ ఇంజిన్ చప్పుడులో ఏం ఆలోచించానో ఎవరికీ చెప్పలేదు. తప్పు నాదని తనకి చెప్పడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. "తెలుసు" అంది, చేపలు తోముతూ.

ఆ పెళ్లి ఫోటో 2018లో తిత్లీ తుఫానుకి తడిసి ముద్దయిపోయింది. అప్పట్నుంచి మా కాగితాలన్నీ రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి బియ్యం డబ్బాలో దాస్తున్నాను. నవ్వుకో. నువ్వూ అలాగే చెయ్యి, డబ్బా లేకపోయినా కవరైనా కొను.

టెర్మినల్‌లో సూట్‌కేసులు తీసుకుపోతారు. అవి గది దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. పాస్‌పోర్టు అందులో పెట్టావో, గేటు బయటే ఉండిపోతావు. ఒంటి మీదే ఉండాలి. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులు వాళ్లే తీసి ఉంచుకుంటారు, అందుకని జిరాక్సులు ఐదుగురి దగ్గరా విడివిడిగా ఉంచు. రేవులో దిగితే ఓడ ఇచ్చిన కార్డు మరిచిపోకండి, చెప్పిన టైముకి ముందే తిరిగి రండి. ఓడ ఎవరి కోసమూ ఆగదు. మీ నాన్నని బజారులో ఒంటరిగా వదలకు, ఆయన బేరం మొదలుపెడితే గంట.

పేర్లు ఐదుగురివీ పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసల్లో ఉన్నట్టే రాయించు, అక్షరం అక్షరం. ఇప్పుడైతే కంపెనీ మార్చి ఇస్తుంది, ప్రయాణం దగ్గరపడితే అదనంగా అడుగుతారు. ఎంతైనా నేనిస్తాను, మీ అమ్మకి చెప్పకు.

మీ అత్తకి ఇంగ్లీషు అక్షరాలు రావు కదా. తన పాస్‌పోర్టులో పేరుకి ఒక్కో అక్షరం కింద తెలుగులో ఏమనాలో కాగితం మీద పెద్దగా రాసిచ్చాను. నాలుగు రోజులుగా వంటింట్లో పెట్టుకుని వేలుతో చూపిస్తూ చదువుతోంది. నిన్న రాత్రి నా చేతిలోంచి నీ టికెట్ లాక్కుని, రెండూ పక్కన పెట్టి, "ఇక్కడ పేరు చివర మూడు అక్షరాలు లేవు" అంది.

దిద్దిన టికెట్ పంపు. నాకు కాదు, ఆవిడ ఫోన్‌కి.

మీ మావయ్య