ఇంట్లో ఎవరూ నిషేధించరు

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ బాగానే నడిచింది. మూడో పేజీలో మాత్రం ఆగిపోయాను. ‘ఆమె నాటకాల్లో వేయడాన్ని తండ్రి నిషేధించాడు’ అని రాశావు. వ్యాకరణానికి ఢోకా లేదు. కానీ ఆ ఒక్క ముక్కతో తండ్రి కాస్తా కలెక్టరైపోయాడు!

నిషేధించాలంటే అధికారం ఉండాలి, మీరినవాళ్లను శిక్షించే ఏర్పాటూ ఉండాలి. అందుకే ఆ పని ప్రభుత్వాలు, కోర్టులు, క్రీడాసంఘాలు చేస్తాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాను అడ్డుకున్నారు. నిషేధించింది మాత్రం సర్కారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టిందీ, 1997లో ఎత్తేసిందీ సర్కారే. ఆ ఉద్యమం మీద రాస్తూ ‘మహిళలు సారాను నిషేధించారు’ అన్నావనుకో, వాళ్ల పోరాటమంతా ఒక జీవో అయి కూర్చుంటుంది. ‘అడ్డుకున్నారు’ అను, మనుషులు కనిపిస్తారు.

ఇంకోటి. ‘నిషేధించు’ అన్న మాట పనికో, వస్తువుకో, సంస్థకో అతికినట్టు మనిషికి అతకదు. ఆటగాణ్ణి నిషేధించారని పేపర్లు రాస్తాయి గానీ, ‘అతనిపై రెండేళ్ల నిషేధం విధించారు’ అంటేనే చెవికి బాగుంటుంది.

ఇక ఇంటి సంగతి. అసలు సరుకంతా అక్కడే ఉంది. ‘వద్దు’ అంటారు. ‘వీల్లేదు’ అంటే ఇంకాస్త గట్టి. ‘గడప దాటావో...’ అని మధ్యలో ఆపేస్తే, మిగతాది వినేవాళ్లే పూరించుకుంటారు. తల్లి అయితే తన మీద వేసుకోదు, ‘మీ నాన్నకి తెలిస్తే ఏమంటారో’ అంటుంది. అన్నిటికంటే గట్టిది ‘నీ ఇష్టం’. పేపర్లోంచి తలెత్తకుండా తండ్రి ఆ రెండు మాటలూ అన్నాడంటే, ఆ పిల్ల చెప్పులు విప్పేసి లోపలికి పోవాల్సిందే. నీ కథకు నేనైతే అదే వాడతాను.

వెటకారానికి మాత్రం ‘నిషేధం’ ఇంట్లోకి భేషుగ్గా వస్తుంది. ‘పరీక్షలయ్యేదాకా మా ఇంట్లో టీవీ నిషేధం’ అంటే ఎవరైనా నవ్వుతారు. బోర్డుల భాష వేరు: ‘వాహనాలు నిలపరాదు’. చెప్పేవాడెవడో తెలియకపోవడమే దాని బలం. పాత్రల నోట్లో ఆ ‘రాదు’ పెట్టకు, పెడితే గుమాస్తా నోట్లో పెట్టు.

రెండో కథలో, కొట్టుకోబోతున్న అన్నదమ్ముల మధ్యకు వచ్చి తాత ‘వారించాడు’ అన్నావే, అది సరిగ్గా పడింది. అధికారం లేనివాడు చెయ్యి అడ్డం పెట్టి ఆపే మాట అది. దాన్ని కదపకు. మూడో పేజీ తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు