హోలోకాస్ట్ నుంచి బతికి బయటపడ్డ భర్తకు డిమెన్షియా వస్తే భార్య ఇంట్లో ఏమేం మార్చాలి?

తమ్ముడూ, ఇజ్రాయెల్‌లో నువ్వు కేర్‌గివర్‌గా చేసే ఇంట్లో పెద్దాయన స్నానమంటే వణికిపోతున్నారని, దిండు కింద బ్రెడ్ దాస్తున్నారని, ఆయన భార్యకు ఏం చెప్పాలని అడిగావు. అది మొండితనం కాదని ముందు ఆమెకు చెప్పు. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బులో నిన్నమొన్నటివి ముందు పోతాయి, చిన్ననాటివి చాలాకాలం ఉంటాయి. ఆయన మనసు ఇప్పుడు 1944లో, అంటే హిట్లర్ నాజీలు యూదులను లక్షల్లో చంపిన హోలోకాస్ట్ రోజుల్లో ఉంది. "యుద్ధం ఎప్పుడో అయిపోయిందండీ" అని వాదిస్తే భయం పెరుగుతుంది. "నేనున్నా, తలుపు నేను చూసుకుంటా" అంటే కుదుటపడతారు. చిన్నప్పటి భాష యిడ్డిషో (యూరప్ యూదుల భాష) హంగేరియనో అయితే ఈ రెండు ముక్కలు అందులోనే నేర్చుకోండి.

నాజీ శిబిరాల్లో బట్టలు విప్పించి, జుట్టు గొరిగి, షవర్ల కిందికి తోలేవాళ్లు. గ్యాస్ గదులు కూడా స్నానాల గదులేనని నమ్మించేవాళ్లు. కాబట్టి పైనుంచి పడే షవర్ పూర్తిగా మానేయండి. బాత్రూమ్ ముందే వెచ్చగా ఉంచి, తలుపు తీసి, కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల మీద పెద్ద తువాలు కప్పండి. చేతి షవర్ ఆయన చేతికే ఇచ్చి పాదాల నుంచి మొదలుపెట్టండి. తల చివర్లో, లేదా ఇంకో రోజు. వారానికి రెండుసార్లు చాలు. మిగతా రోజులు ముఖం, చంకలు, తొడల మధ్య తడిగుడ్డతో తుడవండి.

శిబిరంలో ఆకలి చూసినవాళ్లకు దాచుకున్న బ్రెడ్డే ధైర్యం, అది మాత్రం లాక్కోవద్దు. మంచం పక్కన మూతున్న చిన్న డబ్బా పెట్టి, అదే సైజు తాజా ముక్కలు ఆయన గదిలో లేనప్పుడు మార్చండి. బూజు పట్టనివ్వకూడదు, డబ్బా ఖాళీగా కనబడనూ కూడదు. ఖాళీ డబ్బా చూస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు.

యూనిఫాం, కుక్క అరుపు, ముఖం మీద టార్చి, ఖైదీల బట్టల్లాంటి చారల పైజామా కూడా శిబిరాన్ని గుర్తుచేసి భయం రేపుతాయి. శిబిరంలో ఖైదీలను నంబర్లతోనే గుర్తించేవాళ్లు, కాబట్టి ఆసుపత్రిలో చేతికి నంబరు పట్టీ కట్టేముందే నర్సుకు విషయం చెప్పండి. యోమ్ హషోవా (ఇజ్రాయెల్‌లో హోలోకాస్ట్ మృతుల స్మారక దినం) నాడు ఉదయం 10 గంటలకు రెండు నిమిషాలు సైరన్ మోగుతుంది. అప్పటికి టీవీ ఆపి, కిటికీలు మూసి, ఆయనకు నచ్చిన పాట పెట్టండి.

ఒకటి రెండు రోజుల్లోనే బాగా తేడా వస్తే పాత జ్ఞాపకమని వదిలేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి ఉన్నాయేమో వెంటనే డాక్టరుకు చూపించాలి. లూయీ బాడీ డిమెన్షియా (లేనివి కనబడే ఒక రకం డిమెన్షియా) అయితే, భ్రమలకు ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందు ప్రమాదమని ఆవిడకు తెలిసుండాలి.

ఆయన ఒక్కోసారి ఆవిడనే శిబిరం కాపలాదారు అనుకుంటారు. భార్యకు అంతకంటే కష్టం లేదు. అప్పుడు ఆవిడ బయటికెళ్లి, స్వెటర్ మార్చుకుని, పది నిమిషాలాగి ఎదురుగా వచ్చి పేరుతో పిలవాలి. ఆ పది నిమిషాలు గదిలో నువ్వుండు. ఆవిడ మనసు విప్పి మాట్లాడాలంటే అమ్ఖా సంస్థకు ఫోన్ చేయమను. వాళ్లు ఈ కుటుంబాలతోనే పనిచేస్తారు.